మూడంతస్తులు చాలు

"ఎదురుగా తొమ్మిదంతస్తులు లేస్తే మన వంటింట్లో పట్టపగలే లైటు వేసుకోవాలి. 'మూడంతస్తులు చాలు' అని పెద్దగా రాయి," అంటూ అత్తయ్య అట్టముక్క నా ముందుకు తోసింది. సాయంత్రం కాలనీవాళ్ళంతా బిల్డరు ఆఫీసు ముందు నిలబడబోతున్నారు.

రాసిచ్చాను. ఆమె కళ్ళజోడు సర్దుకుని చదివింది.

"ఐదని రాశావేమే? నేను చెప్పింది మూడు కదా."

నేను పెన్నుకి మూత పెట్టాను. హాల్లో మా మంచం చుట్టూ కట్టిన తెర వైపు ఆమె కాసేపు చూసింది.

"ఐదో అంతస్తులో ఫ్లాటు తీసుకున్నారా?"

"బుక్ చేశాం అత్తయ్యా. మీ వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది."

"నిన్నటిదాకా 'మన' వంటిల్లు అనేదానివి," అంది మెల్లిగా.

దిద్దమని మాత్రం అనలేదు. ఆ అట్టే పట్టుకుని చెప్పులు వేసుకుంది.