మిషను సున్నా చూపించింది

మిషను సున్నా చూపించింది. డ్యూటీ మాస్టారు నమ్మలేదు.

బస్సు డిపో గేటు దగ్గర డ్రైవర్ల చేత గొట్టంలో ఊదించి, తాగనివాళ్లకే బండి తాళాలిచ్చే పని ఆయనది. తాగినవాణ్ణి నడకలోనే పట్టేస్తానని గొప్ప. ఎదురుగా వరసలోకి వచ్చి నిలబడ్డ కొత్తవాడెవడో తూలుతున్నాడు. మాట ముద్దగా వస్తోంది. ఇంకేం కావాలి?

"మళ్లీ ఊదు."

ఊదాడు. మళ్లీ సున్నాయే.

"మిషను పాడైనట్టుంది. ఎవరు కావాలి నీకు?"

"మీరే, బాబూ. నేను తాగలేదు. ఇది జబ్బు. మీరు ఒక్కసారి రక్తపరీక్ష చేయించుకోండి."

వరసలో ఉన్న డ్రైవర్లు పగలబడి నవ్వారు.

"పరీక్ష చేసేవాడికే పరీక్షా మాస్టారూ?"

మాస్టారికి తల కొట్టేసినట్టయింది.

"నేనెందుకు చేయించుకోవాలి?"

వాడు నోరు తెరిచి మూసేశాడు. రిజిస్టరు వైపు చూశాడు.

"మీ అక్షరం వంకర పోతోంది. నాకూ ముందు అలాగే..."

అది నిజమే. నెల రోజులుగా పెన్ను చెప్పిన మాట వినడం లేదు. ఆ మాట నలుగురిలో అనేసరికి మాస్టారికి ఒళ్లు మండి, వాణ్ణి మెడపట్టి గెంటాడు.

వాడు మూడు రోజులు వచ్చాడు. మూడు రోజులూ గెంటించుకున్నాడు. నాలుగో రోజు రాలేదు. పీడ విరగడైందనుకున్నాడు మాస్టారు.

ఏడాది తిరిగేసరికి ఆయన చేతిలో గొట్టం నిలవడం మానేసింది. అయినదానికీ కానిదానికీ అరవసాగాడు. పైవాళ్లు ఆయన్నే ఊదమన్నారు. సున్నా వచ్చినా ఎవరూ నమ్మలేదు. ఉద్యోగం పోయింది.

అమ్మ ఆసుపత్రికి తీసుకెళ్లింది.

"ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బు," అంది డాక్టరమ్మ. "పుట్టుకతోనే వస్తుంది. మందులతో ఇక ముదరకుండా ఆపొచ్చు. చేతులు మాత్రం మునుపటిలా అవుతాయని చెప్పలేను. ఏడాది ముందు వచ్చుంటే ఇంతదాకా రానిచ్చేవాళ్లం కాదు."

మందుల చీటీ రాస్తూ డాక్టరమ్మ మళ్లీ అడిగింది.

"తోడబుట్టినవాళ్లున్నారా? వాళ్లకీ పరీక్ష చేయాలి."

"లేరు. నేనొక్కణ్ణే."

అమ్మ ముఖం తిప్పుకుంది.

"ఒకడుండేవాడు నాన్నా. మొన్నీమధ్యే పోయాడట. నువ్వు నా కడుపున పుట్టలేదు. నెలల పిల్లాడిగా ఉన్నప్పుడు నిన్ను తెచ్చుకున్నా. నిన్ను వెతుక్కుంటూ వాడు ముందు నా గుమ్మంలోకే వచ్చాడు. తూలుతుంటే తాగి వాగుతున్నాడనుకున్నా. డిపోకెళ్లి జబ్బు సంగతి చెప్తే చెప్పుకో గానీ, నువ్వు వాడి అన్నవని మాత్రం అనొద్దని నేనే ఒట్టు వేయించుకున్నా."