ఎర్ర పంపు నీళ్లు

మా స్నానపు నీళ్ల వేడిని నిర్ణయించే అధికారం గల పెద్దలకు, వారెవరో మాకు ఏనాడూ తెలియజేయబడనప్పటికీ, ఈ ఎడారి దేశపు ఘాలా లేబర్ క్యాంపు కార్మికులమైన మేము సగౌరవంగా విన్నవించునది:

ఈ జూలైలో తమరు మా గీజర్‌కు సెన్సరు, కంట్రోలు పెట్టించారు. నీళ్లు చల్లబడితే అదే కనిపెట్టి, అదే కాస్తుంది. ఆ సాయంత్రం భీమన్న సైటు నుంచి వచ్చి, ఎప్పటిలాగే ఎర్ర గుర్తున్న పంపు తిప్పి దాని కింద నిలబడ్డాడు. వీపు బొబ్బలెక్కింది.

క్యాంపు బాస్ ప్రభాకర్ విచారణకు విచ్చేశాడు.

“ఎర్ర గుర్తంటే వేడినీళ్లని తెల్వదా? కండ్లు దొబ్బినయా?”

“ఎండకాలంల ఎర్రదే సల్లది సార్! నీలి పంపుల వచ్చే మిద్దె మీది ట్యాంకు నీళ్లు మసులుతయి. అందుకే లోపల నీడకున్న గీజర్ బంద్ వెట్టి, అండ్ల ఆగి సల్లవడ్డ నీళ్లు పోసుకుంటం. గీ మిషినేమో సల్లగైతే సాలు, కాగవెడతది.”

“దాని డ్యూటీ అది చేసింది. నీలెక్క నకరాలు జేస్తదా?”

“గట్లయితే మీరే తానం జెయ్యిండ్రి సార్. వీపు నేను రుద్దుత.”

ప్రభాకర్ కంట్రోలు పెట్టెకు తాళం వేసి, తాళంచెవితో సహా నిష్క్రమించాడు.

కావున డిమాండు నంబరు రెండు: ఆ సెన్సరును తక్షణమే తొలగించాలి. గత జనవరిలో పొద్దున్నే గీజర్ వేయడం ఎవరికీ గుర్తుండక, చన్నీళ్లకు వణికి, ఆ సెన్సరు కోసం డిమాండు నంబరు ఒకటి సమర్పించినది మేమేనని ఒప్పుకుంటున్నాము. దీన్ని కూడా తమరు అదే వేగంతో పరిశీలించి వచ్చే జనవరిలో మంజూరు చేసేట్లయితే, దయచేసి తిరస్కరించగలరు.