అరలో పెట్టిన కథ

“చచ్చిపోయేవాళ్ళు ఇంత మాట్లాడరయ్యా,” అన్నారు వారపత్రిక ఎడిటర్ గారు.

ఎదురుగా కూర్చున్న గోడౌన్ గుమాస్తా తన చెప్పుల వైపు చూసుకున్నాడు. వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటివాడు. అచ్చులో పేరు చూసుకోవాలని నాలుగేళ్ళుగా రాస్తున్నాడు. పది కథలు తిరిగొచ్చాయి. ఇది పదకొండోది.

కథ పేరు ‘అమ్మ పోయిన రోజు’. అందులో తల్లి రెండు పేజీల పొడుగునా కొడుక్కి బుద్ధులు చెప్పి, ఆకాశం వైపు చూసి కన్నుమూస్తుంది.

“ప్రత్యేక సంచికకి సొంత అనుభవాలే తీసుకుంటాం. తెలుసుగా?”

“తెలుసండీ. ఇది నాకు జరిగిందేనని హామీపత్రం జతచేశాను.”

ఎడిటర్ గారు అది చదివారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. గొంతు తగ్గింది.

“ఎన్నాళ్ళయిందని అడగనులే. గాయం పచ్చిగా ఉండగానే రాసేశావు. కాగితం నిండా కన్నీళ్ళే గానీ ఆవిడ లేదు. దీన్ని అరలో పడెయ్. నెల రోజులు ఒక్క ముక్క రాయకు. ఊరికే కూర్చో.”

“ఊరికే కూర్చోవడం నాకు చేతకాదండీ.”

“నేర్చుకో. డిగ్రీలో అదొక్కటే చెప్పరు. వచ్చే నెలాఖరు దాకా నీకోసం రెండు పేజీలు ఆపుతాను. ఇక వెళ్ళు.”

చెప్పింది చెప్పినట్టు చేశాడు. పని నుంచి రాగానే వంటింటి గడప మీద కూర్చునేవాడు. కలం ముట్టలేదు. మొదటి వారం చేతులు దురద పెట్టాయి. రెండో వారం ఇల్లు వినపడటం మొదలైంది. మూడో వారం గోడౌన్‌కి సెలవు పెట్టేశాడు.

నెల తిరిగాక మూడు కాగితాలు పట్టుకుని వచ్చాడు. గడ్డం మాసింది. ఎడిటర్ గారు కళ్ళజోడు పెట్టుకుని చదివారు.

ఈసారి తల్లి బుద్ధులేమీ చెప్పలేదు. దగ్గు కొడుక్కి వినపడకుండా కుళాయి తిప్పి దగ్గేది. మాత్రలు ఎక్కువ రోజులు రావాలని సగానికి విరిచి వేసుకునేది. మిగిలిన సగాలు పౌడరు డబ్బాలో దొరికాయి. ఆసుపత్రి మంచం మీద ఆవిడ ఆఖరిగా అన్నది ఒకే మాట: “గ్యాస్ కట్టేశావా?”

ఎడిటర్ గారు కాగితాలు మళ్ళీ మొదటికి తిప్పారు.

“ఇవన్నీ మొదటిసారి రాయలేదేం?”

“అప్పుడు చూడలేదండీ. ఎప్పుడూ రాసుకుంటూ ఉండేవాణ్ణి. కుళాయి మోగితే విసుక్కునేవాణ్ణి.”

“చూశావా మరి? నెల రోజులు కుదురుగా కూర్చున్నావు, అమ్మ తిరిగొచ్చింది. వేసుకుంటున్నాం. మొదటి కథ నీదే.”

గుమాస్తా నవ్వలేదు. లేచి నిలబడ్డాడు.

“హామీపత్రం మళ్ళీ రాసివ్వనా అండీ?”

“ఎందుకయ్యా? పాతది ఉందిగా. కథ మారింది గానీ, జరిగింది మారదుగా!”

ఆ పాత హామీపత్రం ఇచ్చి ఇంటికి వెళ్ళిన రోజు, “వేసుకుంటామన్నారా నాన్నా?” అంటూ తలుపు తీసింది అమ్మే.