దారి అడిగే పెద్దాయన

"స్టేషన్‌కి ఇటేనా అండీ?"

భూగర్భ రైలు స్టేషన్‌కి వెళ్లే సొరంగ మార్గంలోని గుండ్రటి హాల్లో నిలబడి ఆ పెద్దాయన రోజూ ఉదయం ఇదే అడిగేవాడు.

ఇటేనని చెప్పి జనం పరుగున వెళ్లిపోయేవారు. ఆయన మాత్రం కదిలేవాడు కాదు. వెనక వచ్చినవాళ్లను మళ్లీ అడిగేవాడు.

తమాషా ఏమిటంటే, స్టేషన్ అని అడుగెత్తు అక్షరాలతో రాసిన బోర్డు సరిగ్గా ఆయన నెత్తిమీదే వేలాడుతుండేది.

నాలుగు దారులు కలిసే ఆ గుండ్రటి హాల్లో కొత్తగా చేరిన గార్డమ్మకి ఇదేమిటో అంతుచిక్కలేదు. చదువు రాదేమో అనుకుంది. కానీ జనం పల్చబడితే ఆయన జేబులోంచి పేపరు తీసి చదివేవాడు. మతి తప్పిందేమో అనుకుంది. కానీ మనిషి కడిగిన ముత్యంలా ఉండేవాడు. పైగా ఆ గొంతొకటి. ఆమెను పలకరించినప్పుడు మామూలుగానే ఉండేది, దారి అడిగేటప్పుడు మాత్రం బొంగురుపోయేది. కాసేపటికి ఆ రద్దీలో ఎప్పుడు మాయమయ్యేవాడో తెలిసేది కాదు.

ఇన్నాళ్లుగా అడుగుతున్నాడు, పాపం ఇంకా స్టేషన్ చేరలేదని పక్కనున్న ఫోన్ల కొట్టువాడు నవ్వేవాడు.

ఆ ఉదయం పై అధికారి తనిఖీకి వస్తున్నాడు. హాల్లో ఊరికే నిలబడినవాళ్లు ఎవరైనా కనిపిస్తే ఉద్యోగం మీద ఆశ వదులుకోమని ఆమెకు ముందే చెప్పాడు. ఇంట్లో అందరికీ ఆమె జీతమే ఆధారం.

"బాబాయ్, ఇవాళ మిమ్మల్ని నేనే స్టేషన్‌కి తీసుకెళ్తాను" అంది.

"ఇంకాసేపు ఉండనీ తల్లీ. తర్వాత నేనే వెళ్లిపోతా."

ఎందుకని అడిగితే, వస్తున్న జనంలోకి తొంగిచూశాడు.

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు దింపి, వచ్చిన రైలు ఎక్కించేసింది. తలుపులు మూసుకున్నాయి. అద్దంలోంచి ఆయన మెట్లవైపే చూస్తూ వెళ్లిపోయాడు. ఆమెకు మనసు చివుక్కుమంది. అయినా తప్పదనుకుంది.

అధికారి వచ్చి, హాలంతా ఓ చుట్టు చుట్టి, బాగుందని తలూపి వెళ్లాడు. ఆమె హమ్మయ్య అనుకుంది.

అప్పుడు కనిపించింది ఓ అమ్మాయి. చేతిలో తెల్లకర్ర, భుజాన ఆఫీసు సంచి. హాలు మధ్యలో నిలబడి చెవులు రిక్కించి వింటోంది. జనం రాసుకుంటూ పోతున్నా కదలడం లేదు.

స్టేషన్ దాకా తీసుకెళ్లనా అని గార్డమ్మ అడిగింది.

"వద్దక్కా. ఇక్కడ ఒకాయన రోజూ దారి అడుగుతుంటారు. ఆ గొంతు వినపడేదాకా ఆగుతాను."

ఆయన ఆ ప్రశ్న ఎవరికోసం అడిగేవాడో గార్డమ్మకి ఇప్పుడు తెలిసింది.

"ఇవాళ ఆయన రారమ్మా. దారి నేను చూపిస్తాగా" అంది.

"రాకుండా ఉండరు. దారి నాకెప్పుడో అలవాటైపోయిందక్కా" ఆ అమ్మాయి చిన్నగా నవ్వింది. "ఎవరి తోడూ అక్కర్లేదని ఇంట్లో పోట్లాడి ఒంటరిగా వస్తున్నాను కదా, గొంతు మారిస్తే పోల్చుకోలేననుకుంటారు. నేను ఈ హాలు దాటడం కళ్లారా చూస్తే తప్ప మా నాన్న ఇంటికెళ్లరు."