వాన ఎవరిది?

హదెవిగ్ వాకిట్లో ఇద్దరు కొట్టుకునేంత పని చేశారు. ఒకరు ఉరుముల దేవుడు తూనర్‌కు పూజారి, ముసలి గెరోల్డ్. రెండోవాడు సముద్రం దాటి వచ్చిన క్రైస్తవ సన్యాసి తిల్రెడ్. తూనర్ బొమ్మకు మొక్కబట్టే కరువొచ్చిందని సన్యాసి అంటే, ఆ సిలువ అడుగుపెట్టాకే మబ్బు మొహం చాటేసిందని పూజారి అన్నాడు.

ఆ సాక్సన్ గూడేనికి హదెవిగ్ పెద్ద. పొలంలో బార్లీ నిలువునా ఎండిపోతోంది. జనం అప్పటికే రెండుగా చీలిపోయి, ఒకరింటి నిప్పు ఇంకొకరు ముట్టడం మానేశారు.

"అరుచుకోవడం చాలు. మీ మీ దేవుళ్లని అడగండి. ఎవరి దేవుడు వాన కురిపిస్తే గూడెమంతా ఆయనకే మొక్కుతుంది" అని ఆమె తేల్చేసింది.

గెరోల్డ్ మేకపోతును కోశాడు. తిల్రెడ్ తిండి మానేసి మోకాళ్ల మీద కూర్చున్నాడు. చివరికి ఒక మధ్యాహ్నం కొండ మీద నల్లగా మబ్బు పట్టి, వాన దంచికొట్టింది. ముసలీ ముతకా కూడా బురదలో గెంతులేశారు.

"ఆ ఉరుము విన్నారా? అది మా తూనర్ గొంతే" అన్నాడు గెరోల్డ్.

"ఉరిమినంత మాత్రాన కురుస్తుందా? కురిపించింది నా ప్రభువు" అన్నాడు తిల్రెడ్.

వాన వెలిశాక తీర్పు చెబుతానంది హదెవిగ్.

వాన వెలవలేదు. వాగు గట్టు తెగింది. పందుల దొడ్డి కొట్టుకుపోయింది. ఎండిపోగా మిగిలిన కాస్త బార్లీ నీళ్లలో కుళ్లిపోయింది. ఈ వాన తెచ్చినవాణ్ణి వాగులో తోసేస్తామంటూ జనం కర్రలతో ఆమె గడపకొచ్చారు. చీలిక మాట మరిచిపోయి, అందరూ ఒక్కటిగానే వచ్చారు.

హదెవిగ్ ఇద్దర్నీ పిలిపించింది. "ఇప్పుడు చెప్పండి. ఈ వాన ఎవరిది?"

గెరోల్డ్ గడ్డం నిమురుకున్నాడు. "ఉన్నమాట ఒప్పుకోవాలి కదా దొరసానీ. మా తూనర్‌కి ఇంత శక్తి ఎక్కడిది? ఇది ఆ సిలువ దేవుడి పనే."

"పెద్దాయన మంచితనం కొద్దీ అలా అంటున్నారు గానీ" అన్నాడు తిల్రెడ్ కంగారుగా, "నేనెంత బతిమాలినా నా ప్రభువు వినలేదమ్మా. ఇది ముమ్మాటికీ తూనర్ మహిమే."

జనం మొహమొహాలు చూసుకున్నారు. ఎవర్ని తొయ్యాలో తెలియక కర్రలు దించేశారు. హదెవిగ్ నవ్వు దిగమింగుకుంది.

"మంచిది. ఇద్దరికీ నమ్మకం కుదిరింది" అంది. "గెరోల్డ్ తాతా, నువ్వెళ్లి బాప్తిస్మం పుచ్చుకో. తిల్రెడ్ స్వామీ, రేపటినుంచి తూనర్ పూజారివి నువ్వే."