మలుపు దగ్గర మనిషి

మలుపులో ఎర్రగుడ్డ ఊగడం చూసి వరుణ్ బ్రేకు మీద నిలబడినంత పని చేశాడు.

కారు కీచుమంటూ ఆగింది. పక్కసీట్లో ఉన్న స్నేహితుడు మోహన్ ముందుకు తూలి డాష్‌బోర్డు పట్టుకున్నాడు.

రోడ్డు మధ్యన అదే ముసలాయన. లుంగీ, చిరుగుల బనీను, చేతిలో పాత చీర చింపిన ఎర్రటి పీలిక.

"మళ్ళీ నువ్వేనా తాతా? ఏటి నీ గోల?"

"మెల్లగెల్లు బావూ. మలుపవుతల మనుసులుంతారు."

"నిన్నా అదే అన్నావు. దిగి సూశాను. పిట్ట కూడా లేదక్కడ."

"నిన్న మబ్బుగుంది, ఎవులూ రానేదు. రేపొత్తారేమో."

వరుణ్‌కి ఒళ్ళు మండింది.

అతను కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారి కొడుకు. వచ్చే ఆదివారం చెన్నై దగ్గర ట్రాక్ డే ఉంది. ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని, రేసులు జరిగే ట్రాక్ మీద మోజు తీరా తోలుకోవచ్చు. వరుణ్‌కి ఇదే మొదలు. నెలల తరబడి బతిమాలితే నాన్న "ఈ ఒక్కసారికే" అన్నాడు. అక్కడ నలుగురిలో పరువు దక్కాలంటే, జోరు తగ్గించకుండా మలుపు తిప్పడం వచ్చి తీరాలి.

అందుకే రోజూ పొద్దున్నే ఈ రోడ్డు. కొత్త పెద్ద రోడ్డు పడ్డాక ఉద్దానం వెళ్ళే ఈ పాత రోడ్డు మీద బళ్ళు తిరగడం మానేశాయి. నున్నటి తారు, చుట్టూ జీడితోటలు, మంచి మలుపు. ఇంతకన్నా ఏం కావాలి!

తీరా ఆ మలుపులోనే ఈ ముసలాయన తగులుకున్నాడు.

"ట్రాక్ మీద మలుపుకో మనిషి జెండా అట్టుకుని ఉంతాడన్నావు కదా బావ?" మోహన్ నవ్వాడు. "నీకు ఇక్కడే దొరికీసినాడు."

వరుణ్ నవ్వలేదు. ఫోను తీశాడు. ఆ మలుపు పక్క ఊరి సర్పంచి రమణమూర్తి అతనికి స్వయానా మేనమామ.

"మావయ్యా, మీ ఊరి పిచ్చోడొకడు రోజూ నా కారుకి అడ్డం పడతన్నాడు. ఏదో ఒకటి సెయ్యి."

సాయంత్రం మావయ్యే ఫోను చేశాడు.

"టెక్కలిలో ముసలోళ్ళ ఆశ్రమం ఉంది కదా, అక్కడ దింపించీసేన్రా. ఆటో ఎక్కనని ఒకటే పేసీ. రేపు ఎండ కాత్తాదంట, ఆడక్కడుండాలంట."

ఇద్దరూ నవ్వుకున్నారు. వేళకి తిండి, పడుకోడానికి మంచం. ఒకరకంగా పుణ్యమే చేశాననుకున్నాడు వరుణ్.

మర్నాడు మబ్బు విడిపోయింది. మోహన్ రాలేదు, వరుణ్ ఒక్కడే వెళ్ళాడు.

మలుపులో ఎవరూ లేరు.

యాక్సిలరేటర్ మీంచి కాలు ఎత్తలేదు. కారు అనుకున్నట్టే తిరిగింది. ఆనందం పట్టలేక గట్టిగా కేకేశాడు.

మలుపు దాటగానే రోడ్డంతా జీడిపిక్కలు. ఒకామె వంగి వాటిని ఎండకి పరుస్తోంది.

బ్రేకు తొక్కాడు. పిక్కల మీద చక్రాలు జారిపోయాయి.

ఆమె తలెత్తి చూసింది. అంతే.

తన కారులోనే పలాస ఆసుపత్రికి తెచ్చాడు. దారిలోనే ప్రాణం పోయిందన్నారు.

ఆమె పేరు తవిటమ్మ అని అక్కడే తెలిసింది. భర్త రామూర్తి శవాల గది బయట నేల మీద కూర్చున్నాడు. కాస్త దూరంలో మావయ్య పోలీసులతో ఏదో మాట్లాడుతున్నాడు. ఎవరు ఏం మాట్లాడినా ఇక ఒరిగేదేమీ లేదని వరుణ్‌కి తెలుస్తూనే ఉంది.

వెళ్ళి రామూర్తి ముందు కూలబడ్డాడు.

"నన్ను కొట్టండి."

రామూర్తి కొట్టలేదు.

"ఢిల్లీబాబు ఆపనేదా బావూ? మలుపు కాడ ఆడున్నాడన్న దైర్నంతోనే దాన్నొక్కదాన్నీ పంపినాను."

"ఎర్రగుడ్డ తాతేనా?" అన్నాడు వరుణ్. "నేనే... నేనే ఆయన్ని అక్కణ్ణుంచి పంపించీసినాను."

రామూర్తి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఆయనకెవరైనా పోయారా ఆ మలుపులో?" వరుణ్ అడిగాడు. "కొడుకా? కూతురా?"

"ఆడికెవులూ నేరు బావూ. పోయింది మా గుంట. బడికెల్తా, జీపు కింద పడిపోనాది."

రామూర్తి గది తలుపు వైపు చూశాడు.

"జైల్నుంచొచ్చి మా గుమ్మం ముందు పడి ఏడిత్తే, తవిటమ్మే లేపి ఇంత గెంజి పోసింది. ఆ జీపు తోలినోడే ఢిల్లీబాబు."