కడిగిన బిళ్ళ

జ్వరాల కాలమంతా కడుపులో ఉబ్బి కూర్చుని, కొంచెం కొంచెంగా మందు వదిలే బిళ్ళ అది. మనిషికి ఏడాదికి ఒకటే ఇస్తారు. అది పొట్టలో లేనివాళ్ళకి ఊరి గేటు తెరుచుకోదు.

పాడేరు ఘాటు మలుపుల్లో మా అత్త సన్యాసమ్మా నేనూ ఒకే సంచిలో వాంతి చేసుకున్నాం. బిళ్ళలు రెండూ బయటపడ్డాయి. జీపు ఆపించి, అత్త సీసాలో నీళ్ళతో కడిగాను. తాటిముంజల్లా చేతిలో జారుతున్నాయి. పులిసిన కంపు మాత్రం పోలేదు.

"ఇందులో నాదేదే?" అంది అత్త.

"తెలీదత్తా. రెండూ ఒక్కలాగే ఉన్నాయి."

కళ్ళు మూసుకుని ఒకటి మింగేసింది. రెండోది నేను నోట్లో వేసుకున్నాను. నీళ్ళకోసం సీసా అందుకున్నాను.

అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఎత్తి పోసుకోవే. ఎంగిలి సేసేగలవు."